వెనక పిలుపు

మా పాలెంలో చేపల వేటకు బయలుదేరిన మనిషిని ఎవరూ వెనక నుంచి పిలవరు. అన్నం క్యారియర్ మరిచిపోయి పోతున్నా సరే, ఆడవాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి, మనిషిని దాటి, ముందుకొచ్చి నిలబడి చేతికిస్తారు గాని నోరు తెరిచి పిలవరు. వెనక పిలుపు తగిలిన బోటు తిరిగి రాదని మా అమ్మ కామమ్మ నమ్మకం. మిగతావాళ్ళ సంగతి నాకు తెలియదు గాని, ఆ ఆచారం నన్ను మాత్రం నాలుగేళ్ళు కాపాడింది. ఎందుకంటే వెనక నుంచి పిలిస్తే నాకు వినపడదు.

మునెయ్య మామ ఫైబర్ బోటుకు నేను డ్రైవర్ని. పదిహేడో ఏట ఆ డీజిల్ ఇంజన్ పక్కన కూర్చున్నాను, పదహారేళ్ళుగా అక్కడే ఉన్నాను. ఇంజన్ నా కడుపు నింపింది, మెల్లమెల్లగా నా చెవులు తినేసింది. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి సగం, ముఖం చూసి సగం పోల్చుకుంటాను. బోటులో ఎటూ ఆ మోతలో మాటలు పనికిరావు, అందరికీ చేతి సైగలే. పిడికిలి బిగిస్తే ఇంజన్ ఆపు. అరచెయ్యి కిందికి ఊపితే నెమ్మదిగా పోనీ. రెండు వేళ్ళు మెలేస్తే వల చిక్కుకుంది. సైగల్లో నన్ను మించినవాడు మా రేవులో లేడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తెలిసిందల్లా మా అమ్మకు, నా భార్య మహాలక్ష్మికి. బయటికి పొక్కనివ్వమని ఇద్దరి చేతా ఒట్టు వేయించుకున్నాను. చెవులు వినపడనివాడి చేతిలో ఆరుగురి ప్రాణాలు ఏ యజమాని పెడతాడు?

చెవులు పోతే అనుమానం వచ్చి కూర్చుంటుంది. నలుగురు నవ్వుకుంటుంటే నా మీదే నవ్వుతున్నారనుకుంటాను. మాట్లాడుకుంటున్న ఇద్దరు నన్ను చూసి ఆపితే ఆ పూట నాకు అన్నం సహించదు. ఆ వేసవిలో నాకు అనుమానం లేని మనిషి లేడు. అందరికంటే ఎక్కువ అనుమానం అంగన్‌వాడీకి కొత్తగా వచ్చిన టీచరమ్మ మీద.

ఏప్రిల్ సగంలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా, రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డెక్కాలి. సముద్రం మీద ఉండే మగవాళ్ళంతా ఊళ్ళో పడ్డాం. పొద్దున లేచి వలల షెడ్డులో కూర్చుని చిరుగులు కుట్టుకోవడం, మధ్యాహ్నం నిద్ర. షెడ్డుకు ఎదురుగా, ఇసుక దారికి అవతల, అంగన్‌వాడీ కిటికీ. మా బిందు అక్కడికే పోయేది. దానికి నాలుగేళ్ళు నిండాయి.

బిందుకు మాటలు సరిగా రాలేదు. "మ్మ", "నాన", "తాత" లాంటివి ఓ పది ముక్కలు, అవి కూడా తునకలు తునకలుగా. "శంకరుడూ అంతే, అయిదేళ్ళకు గాని నోరు తెరవలా" అని మా అమ్మ నన్ను చూపించి అందరికీ చెప్పేది. మాటలు లేకపోయినా మా ఇంట్లో దానికి లోటు లేదు. నాతో మాట్లాడాలంటే ఇంటిల్లిపాదీ గట్టిగా అరిచి, చేత్తో చూపించి మాట్లాడాలి కదా. అది కూడా మా సైగలన్నీ పట్టేసింది. అన్నం చాలనుకుంటే పిడికిలి బిగించి చూపించేది. జడ లాగి దువ్వితే అరచెయ్యి కిందికి ఊపేది, నెమ్మది అని. నాకు ఎంత మురిపెమో. నాతో బోటులో పనిచేసే చెంగయ్యకు, మిగతా కుర్రాళ్ళకు చెప్పి మరీ మురిసేవాణ్ణి.

కొత్త టీచరు పేరు ఆనందకుమారి. బిట్రగుంట నుంచి స్కూటీ మీద వచ్చేది. వచ్చిన వారంలోనే పలకలు తీసి బీరువాలో పెట్టేసింది. వాటి బదులు గవ్వలు, సీసా మూతలు, తడి ఇసుక, డబ్బాలు. పిల్లలు పొద్దస్తమానం గవ్వల్ని పెద్దవి ఒకచోట చిన్నవి ఒకచోట ఏరుతూ కూర్చునేవాళ్ళు. ఎండు చేపల దగ్గర మా ఆడవాళ్ళు చేసేది అదే. దానికి బడి ఎందుకని నాకు ఒళ్ళు మండింది.

ఒకరోజు దారిలో అడిగాను. "అక్షరాలు ఎప్పుడమ్మా?"

ఆమె స్కూటీ ఆపి, హెల్మెట్ తీసి, నా ముఖం వైపు తిరిగి చెప్పింది. "తొందరేముందన్నా. ముందు చూడటం రావాలి, తేడా పట్టడం రావాలి, వినడం రావాలి. అక్షరాలు వాటంతట అవే వస్తాయి."

వినడం అన్న మాట దగ్గర ఆమె చూపు నా చెవి మీదికి పోయి వచ్చినట్టు అనిపించింది. అనిపించడమేమిటి, పోయిందనే ఆ రోజు గట్టిగా నమ్మాను.

ఆ మర్నాటి నుంచి నా సూది వలలో, కళ్ళు కిటికీలో.

చూశాను. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని ఉన్నారు. ఆనందకుమారి ఒక స్టీలు పళ్ళెం, గరిటె తీసుకుని అడుగులో అడుగు వేసుకుంటూ బిందు వెనక్కి పోయింది. పళ్ళేన్ని గరిటెతో కొట్టింది. పిల్లలందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. బిందు గవ్వలు ఏరుకుంటూనే ఉంది. ఒకడు బిందును వేలు పెట్టి చూపించి నవ్వాడు, ఇంకో ఇద్దరు నవ్వారు. ఆమె వాళ్ళను కళ్ళతోనే అదిలించి, రిజిస్టరు తీసి నోటికి అడ్డం పెట్టుకుని, మళ్ళీ వెనక నుంచే ఏదో పిలిచింది. తర్వాత బల్ల దగ్గరికి పోయి నల్ల అట్ట నోట్‌బుక్కులో ఏదో రాసుకుంది.

గరిటె పళ్ళేనికి తగలడం నేను కళ్ళారా చూశాను. చప్పుడు నా దాకా రాలేదు. దారికి అవతల కదా, దూరం అనుకున్నాను. నా పక్కన వల కుడుతున్న చెంగయ్య మాత్రం తలెత్తి అటు చూశాడు. అది నేను గమనించాను గాని, దానికి అర్థం ఏమిటో ఆ రోజు ఆలోచించలేదు. నా బుర్రనిండా ఒకటే. నా బిడ్డను పదిమంది పిల్లల మధ్య కూర్చోబెట్టి ఆటపట్టిస్తోంది ఈమె. అదీ వెనక నుంచి పిలిచి.

మూడు రోజులు ఓపిక పట్టాను. మూడు రోజులూ అదే తంతు. నాలుగో రోజు సూది పడేసి దారి దాటాను.

"ఏమ్మా టీచరమ్మా, బిడ్డ ఎనకమాల నిలబడి ఏంది నువ్వు చేసేది? ఈ పాలెంలో ఎనక నించి పిలవరని నీకు తెలీదా?"

"తెలుసన్నా. కామమ్మవ్వ చెప్పినారు. కాకపోతే..." అంటూ ఆమె కిందికి వంగి గవ్వల డబ్బా ఎత్తింది. మిగతా మాటలు డబ్బాతోపాటు బీరువాలోకి పోయాయి. లేచేసరికి నన్నే చూస్తోంది, ఏదో అడిగి జవాబు కోసం నిలబడ్డ మనిషి చూసినట్టు.

ఏం అడిగిందో నాకు తెలియదు. ఇలాంటప్పుడు నేను చేసే పని ఒకటుంది, కోపం తెచ్చుకోవడం. "అదంతా నాకు చెప్పబాక. ఆ బుక్కులో ఏంది రాసుకుంటుండావు?"

ఆమె బుక్కు మూసింది. "ఇంకా పూర్తి కాలేదన్నా. అయినాక మీకే చూపిస్తా."

"ఎవరికి చూపించేదానికి రాస్తుండావో నాకు తెల్దా" అని బిందును చంకనేసుకుని వచ్చేశాను. ఇంటిదాకా అది కాళ్ళు తన్నుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం చేతిపంపు దగ్గర మహాలక్ష్మి, ఆనందకుమారి ఎదురెదురుగా నిలబడి ఉండటం చూశాను. బిందెలు నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఇద్దరికీ పట్టలేదు. నన్ను చూడగానే మాటలు ఆపారు. టీచరు స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చాక తలుపేసి అడిగాను.

"చెప్పినావా?"

"ఏంది చెప్పేది?" మహాలక్ష్మి బిందె దించి నా ముందుకొచ్చి నిలబడింది. నాతో పోట్లాడాలన్నా మా ఆవిడ ముందుకొచ్చి నిలబడే పోట్లాడాలి.

"నా చెవుల సంగతి."

"నీ ఒట్టు నా నెత్తిమీదుండాది మావా, నేనెందుకు చెప్తా. ఆమె బిడ్డ గురించి అడిగింది."

"బిడ్డ గురించి ఏంది?"

"పాప ఇన్ని సైగలు చేస్తుండాది గదా, ఎవురు నేర్పినారు, ఇంట్లో ఎవురితో మాట్లాడను నేర్చుకునింది, అని."

చూశావా ఎంత తెలివిగా వచ్చిందో అనుకున్నాను. పిల్ల చేతులు పట్టుకుని నా దాకా రావాలని చూస్తోంది. ఈ రోజు బుక్కులో రాస్తుంది, రేపు మునెయ్య మామకు చెబుతుంది. జనవరిలో ఒకరోజు మంచులో ఎదురుగా వచ్చే బోటు హారన్ కొడుతుంటే నాకు వినపడలేదు. చెంగయ్య నా భుజం మీద గుద్ది పక్కకు చూపించాడు కాబట్టి మూరెడు దూరంలో తప్పించాను. నిద్రమత్తులో ఉన్నానని బొంకాను. ఆ రోజు నుంచి మామ నాతో ముభావంగా ఉంటున్నాడని నా అనుమానం. దానికి తగ్గట్టు, నిషేధం మొదలైన వారానికి ఒక సంగతి జరిగింది. మామ బోగోలు బస్సు దిగి నడిచిపోతున్నాడు. వేటకు పోయే మనిషి కాదు కదా అని వెనక నుంచి "మామా, మామా" అని రెండుసార్లు పిలిచాను. తిరగలేదు. తలయినా తిప్పకుండా పోయాడు. కొత్త ఇంజన్ కొన్నాడని, కొత్త డ్రైవర్ని చూస్తున్నాడని అంతకుముందే నాకు ఒక ఊహ ఉంది. ఆ రోజుతో అది రూఢి అయిపోయింది.

"రేపట్నించి పాప అంగన్‌వాడీకి పోదు" అన్నాను.

"ఎందుకు పోదు? అది పోతానని ఏడస్తాది."

"ఏడిస్తే ఏడవనీ."

అమ్మ నా పక్షమే. "ఎనక నించి పిలిచేదాని కాడికి పంపబాకండి, బిడ్డకు అరిష్టం" అని దిష్టి కూడా తీసింది. మహాలక్ష్మి ఆ పూట నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోవడమంటే మా ఇంట్లో ముఖం తిప్పుకోవడమే. ముఖం తిప్పుకుంటే నాకు ఆమె చెప్పేది ఏదీ అందదు. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకోటి లేదు, ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు.

బిందు వారం రోజులు ఇంట్లో ఉంది. పొద్దున్నే తలదువ్వించుకుని, చెప్పులేసుకుని గడప దగ్గర కూర్చునేది. తొమ్మిది దాటాక చెప్పులు తనే విప్పేసేది. అది చూసినప్పుడల్లా పంపేద్దామా అనిపించేది గాని, తగ్గితే నా గుట్టు బయటపడుతుందని బిగబట్టుకున్నాను.

ఎనిమిదో రోజు ఎండ బాగా ఎక్కాక, మహాలక్ష్మి ఎండు చేపల దగ్గరికి పోయినప్పుడు, బిందు ఎక్కడి నుంచో హార్లిక్స్ డబ్బా, గుప్పెడు గవ్వలు తెచ్చుకుని నా ముందు చతికిలబడింది. వంటింట్లోకి పోయి పళ్ళెం, గరిటె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. కొట్టమని చూపించింది. నేను కొట్టాను. అది ఒక గవ్వను చెంపకు ఆనించుకుని నా వైపే చూస్తూ ఉండి, గరిటె తగలగానే గవ్వను డబ్బాలో వేసి చప్పట్లు కొట్టింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ వేసింది. ఒక్కటి తప్పలేదు. ఇదా టీచరమ్మ ఆట, ఇందులో ఏముంది అనుకున్నాను.

పది గవ్వలు అయ్యాక ఆటలో రెండో భాగం గుర్తొచ్చినట్టుంది. గవ్వలన్నీ బయటికి పోసుకుని, నాకు వీపు చూపిస్తూ గోడ వైపు తిరిగి కూర్చుంది. గవ్వను చెంపకు ఆనించింది.

నేను కొట్టాను. వెయ్యలేదు.

గట్టిగా కొట్టాను. కదలలేదు. గవ్వ చెంప మీదే ఉంది. ఎంత శ్రద్ధగా కూర్చుందంటే, చిన్న వీపు నిటారుగా పెట్టి, ఊపిరి కూడా ఆపుకుందేమో. నేను పళ్ళేన్ని సొట్టలు పడేలా బాదాను. అమ్మ రెండు చెవులూ మూసుకుని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఏదో అరుస్తోంది నా మీద. అప్పుడు బిందు కన్నుకొస నుంచి గడప వైపు ఒక్క చూపు చూసింది. అమ్మ ముఖం చూసింది. చూసి, ఏమీ ఎరగనట్టు గవ్వను డబ్బాలో వేసింది.

ఆ చూపు నాకు తెలుసు. చెంగయ్య కనుబొమలు లేచాయా, ఎవరి తల ఎటు తిరిగింది, దాన్ని బట్టి నేను ఏం చెయ్యాలి, అని నాలుగేళ్ళుగా బోటులో నేను చూస్తున్న చూపు అది. ప్రపంచంలో నాకొక్కడికే తెలుసనుకున్నాను.

గరిటె కింద పెట్టాను. అమ్మ ఇంకా తిడుతూనే ఉంది.

మర్నాడు బిందును నేనే ఎత్తుకుని దారి దాటాను. ఆనందకుమారి లేచి ఎదురొచ్చింది. పిల్లను గవ్వల దగ్గర కూర్చోబెట్టి నాకు కుర్చీ వేసి, వెలుతురు తన ముఖం మీద పడేలా తను కిటికీ ఎదురుగా కూర్చుంది. ఆమె అలా కూర్చోవడం ఎందుకో నాకు తెలిసిపోయింది. తెలిసినా ఆ పూట కోపం రాలేదు.

"బిడ్డకు వినపడటం లేదు" అన్నాను.

"అస్సలు లేదని కాదన్నా. డప్పు కొడితే తిరుగుతాది. పళ్ళెం చప్పుడుకు తిరగదు, మాటకు తిరగదు. నాకు వచ్చిన రెండో రోజే అనుమానం. కానీ చూసి చూసి చెప్పాల గదా, ఊరికే అనేస్తే తల్లిదండ్రుల ప్రాణం ఉసూరుమంటుంది. మిగతా పిల్లల్ని చూసి వాళ్ళు ఏం చేస్తే అది చేసేస్తుంది. భలే తెలివైంది. ఆ తెలివే మనల్ని మోసం చేసింది."

నల్ల అట్ట బుక్కు తీసి నా ఒళ్ళో పెట్టింది. నేను తెరవడానికి జంకాను. నా పేరు ఎక్కడుంటుందో అని పేజీలు తిప్పాను. పేరు లేదు. పేజీ నిండా చేతులు. పెన్సిల్‌తో వేసిన చేతులు, కింద గుండ్రటి అక్షరాలు. పిడికిలి, పక్కన 'చాలు'. అరచెయ్యి కిందికి, 'నెమ్మదిగా'. మెలేసిన రెండు వేళ్ళు, దాని కింద ఒక ప్రశ్న గుర్తు.

"ఇదొక్కటి నాకు తెలీలేదన్నా. జడ రిబ్బను ముడి పడినప్పుడు చేసింది, చెప్పులు తిరగేసుకున్నప్పుడు చేసింది."

"వల చిక్కుకునింది" అన్నాను. "చిక్కు పడింది అని."

ఆమె నవ్వుకుంటూ ప్రశ్న గుర్తు కొట్టేసి రాసుకుంది. బిడ్డతో మాట్లాడటానికి బిడ్డ దగ్గరే నేర్చుకుంటున్న మనిషిని పట్టుకుని నేను అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"మీకు ఎన్నాళ్ళ నుంచన్నా?" అంది ఆమె, బుక్కులోకి చూడకుండా, నా వైపే చూస్తూ, ఒక్కో మాట విడివిడిగా.

"ఏంది ఎన్నాళ్ళ నించి?"

ఆమె పెన్సిల్ పక్కన పెట్టింది. "ఏం లేదన్నా. నెల్లూరు పెద్దాసుపత్రికి చీటీ రాసిస్తా, సోమవారం తీసుకుపోండి."

సోమవారం ముగ్గురం పోయాం. చల్లటి గదిలో బిందు తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ప్లాస్టిక్ ముక్కలు ఇచ్చి, చప్పుడు వినపడితే బుట్టలో వెయ్యమన్నారు. మిగతా పిల్లలు ఏడ్చి గోల చేస్తుంటే మా బిందు ముక్కను చెంపకు ఆనించుకుని సిద్ధంగా కూర్చుంది. ఆ ఆట దానికి అప్పటికే వచ్చు కదా. పరీక్ష చేసే అమ్మాయి కళ్ళు మూసుకోమని చూపిస్తే గట్టిగా మూసుకుంది. కన్నుకొస నుంచి కూడా చూడలేదు. వినపడినప్పుడు వేసింది, వినపడనప్పుడు ఊరికే కూర్చుంది. వెయ్యనివే ఎక్కువ.

తర్వాత డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ తలెత్తి అడిగింది, అదృష్టం కొద్దీ తలెత్తే అడిగింది. "ఇంట్లో ఇంకెవరికైనా వినికిడి తక్కువ ఉందా?"

"ఎవురికీ లేదమ్మా" అన్నాను.

మహాలక్ష్మి నా వైపు చూసింది. ఆ చూపు కంటే తిట్టినా బాగుండేది. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు, నేను ఇటు వైపు, మధ్యలో బిందు నిద్రపోతూ. బిడ్డకు మాట రాకుండా నాలుగేళ్ళు మా ఇంటి అరుపులు, నా సైగలు అడ్డం పడ్డాయి. ఎదురుగా నిలబడి అరిచి చేత్తో చూపించే ఇంట్లో పుట్టింది కాబట్టే దాని లోపం మాలో ఎవరికీ కనపడలేదు. ఇంకో ఇంట్లో పుట్టి ఉంటే రెండో ఏటే పట్టుకునేవాళ్ళు. అంత తెలిసీ డాక్టరు ముందు మళ్ళీ అబద్ధమే వచ్చింది నా నోటి నుంచి.

జూన్ మొదటి వారంలో బిందు చెవుల వెనక రెండు చిన్న మిషన్లు వచ్చాయి. మొదటి రెండు రోజులు పీకి పారేసింది. ఆనందకుమారి ఒక బొమ్మకు కూడా దారంతో అలాంటివే కట్టి ఇచ్చింది. అప్పటి నుంచి పొద్దున లేవగానే ముందు బొమ్మకు పెట్టి, తర్వాత తను పెట్టించుకునేది. మాటలు ఒక్కసారిగా ఊడిపడలేదు. కానీ కోడి కూస్తే ఆగేది, పంపు కిర్రుమంటే ఆగేది, ఆగి మా ముఖాలు చూసేది, మీకూ వినపడిందా అన్నట్టు. నేను ప్రతిసారీ తల ఊపేవాణ్ణి. నాకు ఒక్కటీ వినపడలేదు.

జూన్ పద్నాలుగు నిషేధం ఆఖరి రోజు. మర్నాడు తెల్లవారగానే బోట్లు దిగాలి. ఆ పొద్దున్నే ఒడ్డున మా బోటుకు పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు కట్టారు. కొత్త ఇంజన్ తళతళలాడుతోంది. మునెయ్య మామ తెల్ల పంచె కట్టుకుని కొబ్బరికాయ చేతిలో పెట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా వచ్చిన ప్రతివాడితో గొంతు చించుకుని మాట్లాడుతూ, వాళ్ళు ఏం చెప్పినా "సరే సరే" అని నవ్వుతూ. డ్రైవర్ ఎవరో ఇంకా చెప్పలేదు. నా కళ్ళన్నీ ఆయన పెదాల మీదే ఉన్నాయి.

బిందు గవ్వల డబ్బా లేకుండా ఎక్కడికీ పోదు. మహాలక్ష్మి చెయ్యి విడిపించుకుని వచ్చి, నన్ను ఇసుకలో కూర్చోమని లాగింది. ఒక గుప్పెడు గవ్వలు నా చేతిలో పోసింది. ఒకటి తీసి నా చెంపకు ఆనించింది. పూజ పళ్ళెంలో ఉన్న గంటను చటుక్కున తీసుకుంది.

"ఏందిరా శంకరా, కూతురు నీకు పాఠం చెప్తుండాదా?" అన్నాడు చెంగయ్య. కుర్రాళ్ళంతా చుట్టూ మూగారు. మామ కూడా వచ్చి నిలబడ్డాడు.

బిందు నా వెనక్కి పోబోయి ఆగింది. ఏదో గుర్తొచ్చి ముందుకొచ్చి, చిన్న అరచేత్తో నా రెప్పల మీద రాసింది. "కళ్ళు" అంది. పెదాలు చూసి పోల్చుకున్నాను. మూడు వారాల క్రితం ఆ మాట దానికి లేదు.

నాకు ఎదురుగా చెంగయ్య నిలబడి ఉన్నాడు. రెప్పల సందులోంచి చూస్తే చాలు, వాడి కనుబొమలు చెబుతాయి. ఒక్కటి తప్పకుండా వేసి, నవ్వి, లేచి, ఇంజన్ దగ్గరికి పోవచ్చు. మహాలక్ష్మి వైపు చూశాను. ఆమె నా వైపు చూడటం లేదు, బిడ్డ వైపు చూస్తోంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బిందు గట్టిగా కళ్ళు మూసుకోవడం గుర్తొచ్చింది. జనవరి మంచులో నా భుజం మీద చెంగయ్య గుద్దు గుర్తొచ్చింది.

కళ్ళు మూసుకున్నాను. పూర్తిగా.

చాలాసేపు ఏమీ జరగలేదు. ముఖం మీద ఎండ, ముక్కుకు డీజిల్ వాసన, చెంప మీద గవ్వ చల్లగా. ఎవరో నవ్వుతున్నారా, ఆపేశారా, నాకు తెలియదు. భయం వేసింది. ఒడ్డు మీద ఉన్న పదిమందీ లేచి వెళ్ళిపోయినా తెలియదు కదా అనిపించింది. అయినా తెరవలేదు.

భుజం మీద చిన్న చెయ్యి పడింది. కళ్ళు తెరిచాను. బిందు నా ముందు నిలబడి డబ్బాలోకి వంగి చూస్తోంది. డబ్బా ఖాళీ. నా పిడికిలి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటి విప్పింది. గవ్వలన్నీ అక్కడే ఉన్నాయి.

ఎవరూ నవ్వడం లేదు. చెంగయ్య తల దించుకున్నాడు. మామ నా ఎదురుగా వంగి, అరవకుండా, పెదాలు బాగా కదిలించి అడిగాడు. "ఎన్నాళ్ళ నించిరా?"

"బిందుకు ఎన్నేళ్ళో అన్నేళ్ళు, మామా" అన్నాను. "దాని ఏడుపు కూడా నేను సరిగా ఇనలా."

మామ లేచి నిలబడ్డాడు. ఇంజన్ వైపు చూశాడు, చెంగయ్య వైపు చూశాడు. "రేపట్నించి ఇంజన్ నువ్వు చూడు చెంగా. శంకరుడు వల కాడుంటాడు." మళ్ళీ నా వైపు వంగాడు. "వల కాడుంటావు గదా?"

తల ఊపాను. నాలుగేళ్ళుగా ఏ మాటకైతే వణికిపోయానో ఆ మాట వచ్చేసింది. వచ్చాక చూస్తే నేను ఇంకా బోటులోనే ఉన్నాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను, దాచుకోలేదు.

ఆట ఇంకా అయిపోలేదని బిందు లెక్క. గవ్వలు ఏరుకుని, మామ ముందుకు పోయి, ఆయన పంచె పట్టి లాగింది. కూర్చోమని ఇసుక చూపించింది.

"నాకు పనుండాదమ్మా, కాయ కొట్టాల, మంచి గడియ దాటిపోతాది" అన్నాడు మామ. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ తప్పుకోవడంలో ఉన్న తొందర నాకు బాగా తెలిసినదే. ఆయన కొబ్బరికాయ పట్టుకుని గబగబా బోటు వైపు నడిచాడు. ఆయన నా కంటే ముందు ఇరవై ఏళ్ళు ఇంజన్ పక్కనే కూర్చున్న మనిషి.

బిందు డబ్బా చంకలో పెట్టుకుని, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి నిలబడి, గొంతు నరాలు ఉబ్బేలా వెనక నుంచి పిలిచింది. నోరు తెరుచుకోవడం చూశాను. "తాతా!"

ఒడ్డంతా అదిరిపడింది. బోటు దగ్గరికి పోతున్న మనిషికి వెనక పిలుపు. చెంగయ్య, కుర్రాళ్ళు, మహాలక్ష్మి, గంప నెత్తిన పెట్టుకుని ఆవల పోతున్న ఆడవాళ్ళు, అందరూ గిరుక్కున తిరిగారు. మా అమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

బిందు మళ్ళీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది.

మునెయ్య మామ ఒక్కడే తిరగలేదు. తలయినా తిప్పకుండా, బోగోలు బస్సు దిగి నడిచిపోయినట్టే, నడుచుకుంటూ పోతున్నాడు.